మూడు నిమిషాల పూర్వపక్షం

మా వీధి చివర ఒక మిడిల్ స్కూల్ ఉంది. దానికి పంతొమ్మిదో శతాబ్దపు శాసనసభ్యుడొకాయన పేరు పెట్టారు. ఇల్లినాయ్‌లో నేపర్‌విల్ దాటి పడమరగా వెళ్తే తగిలే చిన్న ఊరు మాది. ఒకప్పుడంతా మొక్కజొన్న పొలాలట, ఇప్పుడన్నీ టౌన్‌హోమ్‌లు. ఏళ్ల తరబడి ఆ స్కూలు ముందు నుంచే ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చాను. ఆ పేరుగల మనిషి ఎవరో కనుక్కోవాలని ఒక్కసారీ అనిపించలేదు. చౌరస్తాల్లో విగ్రహాలకు దండలు వేయడం మీద చదువుకునే రోజుల్లోనే ఘాటుగా వ్యాసాలు రాసినదాన్ని. దండ లేకపోయేసరికి ఇక్కడి పేరును గమనించనే లేదు.

పోయిన సంవత్సరం ఆ పేరు తీసేయించాలని మా పక్కింటావిడ పూనుకుంది. నల్లజాతి మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది. ఆ స్కూల్లోనే సైన్స్ చెప్పి రిటైరైంది. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది, నేను ఏ గుడికీ వెళ్లను. దేవుడి విషయంలో కంచెకు అటూ ఇటూ నిలబడి మేం చాలా ఏళ్లుగా పోట్లాడుకుంటున్నాం. మిగతా అన్నిట్లోనూ మాకు బాగా కుదురుతుంది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి, నా చెవికి తోచిన తెలుగులో ఇక్కడ రాస్తున్నాను.

రిటైరయ్యాక ఆవిడ తన వంశం గురించి వెతకడం మొదలుపెట్టింది. అంతర్యుద్ధానికి ముందు ఇల్లినాయ్‌లో ఒక చట్టం ఉండేది. నల్లవాళ్లు బయటి నుంచి వచ్చి ఈ రాష్ట్రంలో స్థిరపడకూడదు. వస్తే జరిమానా. కట్టలేనివాడి శ్రమను వేలం వేసేవారు. ఆవిడ ముత్తాత బానిసత్వం నుంచి విడుదలై భార్యతో ఇటు వచ్చి, ఈ చట్టానికి భయపడి విస్కాన్సిన్ వైపు వెళ్లిపోయాడు. ఆ కుటుంబం మళ్లీ ఇల్లినాయ్‌లో అడుగు పెట్టడానికి రెండు తరాలు పట్టింది. ఆ చట్టానికి ఓటేసినవాళ్లలో మా స్కూలు శాసనసభ్యుడు ఒకడు.

"ఆయన పేరున్న గుమ్మం కింద నుంచి ఉద్యోగమంతా లోపలికి నడిచాను. తెలియక నడిచాను, సరే. ఇప్పుడు తెలిసింది. చచ్చేలోపు ఆ అక్షరాలు దిగడం చూడాలి నాకు" అంది.

స్కూల్ బోర్డు ఒక సాయంత్రం అందరి మాటా విని, ఆ సమావేశంలోనే ఓటు వేస్తుంది. తన తరఫున నన్ను మాట్లాడమంది.

"మీ ముత్తాత కథ మీరు చెబితేనే కదా బలం?" అన్నాను.

"చెబితే నాకు కోపం వస్తుంది. కోపంగా ఉన్న నల్లావిడ మాట ఎలా వింటారో నాకు తెలుసు. నువ్వు కోపంగా మాట్లాడితే ప్రొఫెసర్ అనుకుంటారు."

నేను ఒప్పుకున్నాను. అంతటితో ఊరుకుని ఉంటే, ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలూ పట్టుకెళ్లి చదివేసి ఉంటే, ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ ప్రత్యర్థి గురించి పూర్తిగా చదవకుండా వేదిక ఎక్కడం తెనాలిలో మా హేతువాద సంఘం మాకు నేర్పలేదు. లైబ్రరీలో స్థానిక చరిత్ర గదికి వెళ్లి కూర్చున్నాను.

ఆ శాసనసభ్యుడు తూర్పున ఒక రాష్ట్రంలో పేదింట పుట్టాడు. తండ్రి పోతే పరాయి పొలంలో కూలిపనికి కుదిరాడు. అరువు పుస్తకాలతో చదువుకుని, చలికాలాల్లో పిల్లలకు పాఠాలు చెప్పి, లా నేర్చుకుని, ఇరవై దాటిన కొన్నేళ్లకు ఈ మైదానాలకు వచ్చి పడ్డాడు. రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. ఇక్కడ బడి అంటే ఫీజు కట్టగలవాళ్లకే ఉన్న రోజులవి. పన్ను వేసి అందరి పిల్లలకూ ఉచితంగా చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. మాకు పిల్లలే లేరు, మేమెందుకు కట్టాలని రైతులు తిరగబడ్డారు. పక్కింటి పిల్లవాడు చదువు లేకుండా పెరిగితే నష్టం నాది కూడానని ఊరూరా తిరిగి వాదించాడు. సభలో గెలిచాడు. తర్వాతి ఎన్నికల్లో అందుకే ఓడిపోయాడు. నాలుగేళ్లు కోర్టు పనులతో బతికి, మళ్లీ నిలబడి మళ్లీ గెలిచాడు.

ఇది చదువుతుంటే నాకు హుషారొచ్చింది. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన మనుషులు ఇలాంటివాళ్లే.

బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదని ఆయన చేసిన ప్రసంగాలున్నాయి. మనిషిని ఆస్తిగా లెక్కగట్టే చట్టం చట్టమే కాదని వాదించాడు. అలాంటివాడు నల్లవాళ్లను రాష్ట్రంలోకి రానివ్వని చట్టం వచ్చిన రోజున లేచి ఏం మాట్లాడాడు? ఏమీ మాట్లాడలేదు. అవునని ఓటేశాడు. యుద్ధం చివరికొచ్చాక అదే చట్టాన్ని రద్దు చేసే బిల్లు వచ్చింది. దానికీ అవునని ఓటేశాడు. ఆ రోజూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక దఫా అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికై వెళ్లొచ్చి, ముసలితనంలో ఇక్కడే స్కూల్ బోర్డులో సభ్యుడిగా ఉండి చనిపోయాడు. గంటలకొద్దీ మాట్లాడగలిగిన మనిషి ఆ రెండు రోజుల గురించి ఎక్కడా ఒక్క వాక్యం వదిలిపెట్టలేదు. ఉత్తరాల్లో ఉంటుందేమోనని వారం తిరిగాను. రైలు మార్గం గురించి ఉంది, భార్య దగ్గు గురించి ఉంది, గుర్రం కొన్న సంగతి ఉంది. అది లేదు.

అభిప్రాయం మార్చుకున్నాడా, గాలి మారితే తానూ మారాడా? మొదటి ఓటు వేసినప్పుడు మనసులో ఏముంది? బడి చట్టం మళ్లీ దెబ్బతినకుండా ఎవరితోనో సర్దుకున్నాడా? ఊహించగలను. ఊహను సాక్ష్యంగా పెట్టడం నాకు చేతకాదు.

తెనాలిలో నాకు వాదన నేర్పిన పెద్దాయన గుర్తొచ్చాడు. రిటైరైన హెడ్‌మాస్టరు. మా సంఘం హాల్లో కులాంతర భోజనాలు పెట్టించేవాడు. వడ్డించేవాడు, అందరితో కలిసి కింద కూర్చుని తినేవాడు. ఆయన సొంత వంటింట్లోకి మా దళిత మిత్రులెవరైనా వెళ్లారా? నేను చూడలేదు. వెళ్లలేదని కూడా నిరూపించలేను. ఆయన పోయాక మేం ఆ హాలుకు ఆయన పేరే పెట్టాం. ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు పూర్వపక్షం చెప్పాలి. అంటే ఎదుటివాడి వాదనను, వాడికంటే బాగా, వాడే తల ఊపేలా చెప్పాలి. అలా చెప్పాక గాని నీ వాదన ఎత్తుకునే హక్కు నీకు లేదు. పండితుల దగ్గర నుంచి మేం దాచుకున్న మంచి పనిముట్టు అదొక్కటే అనేవాడు. జాతకాల మీద, దేవుడి మీద, విధవా వివాహాల మీద మేం అలాగే వాదించాం. నేను పూర్వపక్షం చెబుతుంటే ముందు వరుసలో జ్యోతిష్కులు సంతోషంగా తలలూపేవారు. అప్పుడు 'అయితే' అనేదాన్ని. ఆ మాటతో హాలు సద్దుమణిగేది. అక్కడ టైము ఎవరు చూశారు? టీ వచ్చేదాకా మాట్లాడేవాళ్లం.

బోర్డు ముందు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

నాకు తెలుసు. కాగితం మీద రాసుకున్నాను కూడా. ఇంట్లో చదివి చూస్తుంటే మా ఆయన సోఫాలోంచి విన్నాడు.

"అసలు పాయింట్ ఎప్పుడొస్తదే? సగం అయిపోయినా ఆయన్ని పొగుడుతూనే ఉన్నావు" అన్నాడు.

"అది పూర్వపక్షం."

"వాళ్లకి తెలుసా అది పూర్వపక్షమని?"

"వినేవాళ్లకి బుద్ధి ఉంటే తెలుస్తుంది."

"తెనాల్లో ఉంటదిలే బుద్ధి. ఇక్కడ ముందు నువ్వు ఏ సైడో చెప్పు, తర్వాత కథ చెప్పు. నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో ప్రెజెంటేషన్లు ఇచ్చా."

ఆఫీసు ప్రెజెంటేషన్లకూ న్యాయమైన వాదనకూ పోలికేమిటని నేను వినిపించుకోలేదు.

సమావేశం స్కూల్ కెఫెటీరియాలో. నన్ను పక్కింటావిడే తన కారులో తీసుకెళ్లింది. ఆవిడ చర్చి స్నేహితులు కొందరు వచ్చారు. పేరు ఉంచాలనేవాళ్లు అంతకంటే ఎక్కువమంది వచ్చారు. అందులో మా వీధి కుర్రాడొకడు ఉన్నాడు. వరంగల్ వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కూతురు ఆ స్కూల్లోనే ఏడో తరగతి. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"ఆంటీ, మీరు గిట్ల వచ్చిన్రేంది?"

"మాట్లాడ్డానికి. నువ్వెందుకొచ్చావు?"

"పేరు మారిస్తే లొల్లి ఆంటీ. మా పాప యూనిఫామ్ మీద, ట్రోఫీల మీద, అన్నిటి మీద అదే పేరు. ఎవడో నూటయాభై ఏండ్ల కింద ఓటేసిండని ఇప్పుడు మనకెందుకు? మనమే ఇంకా గ్రీన్‌కార్డ్ లైన్‌ల ఉన్నం."

"నేను సిటిజన్ అయి చాలా ఏళ్లయింది."

"గందుకే ధైర్యంగా వచ్చిన్రు" అని నవ్వి వెళ్లి కూర్చున్నాడు.

మైకు పక్కన ఒక చిన్న దీపం పెట్టారు. మాట్లాడుతున్నంతసేపూ ఆకుపచ్చ, టైము దగ్గర పడితే పసుపు, అయిపోతే ఎరుపు. నా వంతు వచ్చింది. లేచి నిలబడి, ఎదురుగా పేరు ఉంచాలని కూర్చున్నవాళ్ల వైపు చూశాను. వాళ్ల తలలు ఊపించాలి ముందు. అది నా పని.

కూలిపని చేసిన పిల్లవాడి దగ్గర మొదలుపెట్టాను. బట్టలుతికే వితంతువు కొడుకు పెద్ద రైతు కట్టిన పన్నుతో అక్షరాలు దిద్దడం అప్పట్లో ఎంత పెద్ద మాటో చెప్పాను. దానికోసం ఆయన పదవి పోగొట్టుకున్నాడని చెప్పాను. ఈ గదిలో ఉన్న పిల్లలు, నా వీధిలో ఉన్న వలస వచ్చినవాళ్ల పిల్లలు, ఆయన వాదన మీద నడుస్తున్న బడిలోనే చదువుతున్నారని చెప్పాను. అవును, ఒక తప్పుడు చట్టానికి ఓటేశాడు. దాన్ని రద్దు చేయడానికీ ఆయనే ఓటేశాడు. తప్పు దిద్దుకున్నవాడికి దిద్దుకున్నందుకు ఏ లెక్కా లేకపోతే, రేపు ఎవరు దిద్దుకుంటారు?

తలలు ఊగాయి. ముందు వరుసలో ఒక ముసలాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నా గొంతు నాకే బాగుంది. దీపం పసుపు అయిందని కంటి కొసతో చూశాను గాని, పూర్వపక్షం మధ్యలో తుంచడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. చివరి వాక్యం పూర్తి చేసి, గుక్క తిప్పుకుని, "అయితే" అన్నాను.

గంట మోగింది. దీపం ఎర్రబడింది. మైకు ఆగిపోయింది.

"థాంక్యూ, మేడం" అన్నాడు అధ్యక్షుడు.

"నేను ఇంకా మొదలుపెట్టలేదు" అన్నాను మైకు లేకుండా.

హాలంతా నవ్వింది. మంచి చమత్కారమని చప్పట్లు కూడా కొట్టారు. తర్వాతి మనిషి అప్పటికే నా వెనక నిలబడి ఉన్నాడు. పక్కకు తప్పుకోవడం తప్ప ఏం చేయాలో తోచలేదు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ముందుకే చూస్తోంది.

ఓటింగ్ ముందు బోర్డు సభ్యురాలొకామె తన నిర్ణయానికి కారణం చెప్పింది. తాను ఎటూ తేల్చుకోలేక వచ్చిందట. ఈ దేశానికి వేరే చోటి నుంచి వచ్చిన ఒక మహిళ మన చరిత్రను ఇంత శ్రద్ధగా చదివి మాట్లాడటం తనను కదిలించిందట. ఒక్క ఓటు తేడాతో పేరు ఉండిపోయింది. ఆ ఒక్క ఓటు ఆమెది.

పార్కింగ్‌లో వరంగల్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, మస్తు మాట్లాడిన్రు. నేను మీరు అటు సైడ్ అనుకున్నా. సూపర్."

"నేను అటు సైడే" అన్నాను.

"అగో, ఇంకా జోకులేస్తున్నరు" అంటూ వెళ్లిపోయాడు.

కారు ఎక్కాక ఆవిడ అడిగింది. "ఏమన్నాడు?"

"బాగా మాట్లాడానన్నాడు."

"అవును. చాలా బాగా మాట్లాడావు."

మిగిలిన దారంతా ఆవిడ ప్రతి స్టాప్ సైన్ దగ్గరా పూర్తిగా ఆగి, రెండు వైపులా చూసి కదిలింది.

ఇంట్లో మా ఆయనకు జరిగింది చెప్తే మొదట నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "పోయి సారీ చెప్పు" అన్నాడు. ఎందుకు సారీ చెప్పాలో నాకు అర్థం కాలేదు. గంటకా? పద్ధతికా? నిజాయితీగా వాదించడం నేరమెట్లా అవుతుంది? మూడు నిమిషాల్లో న్యాయం తేల్చమనే ఏర్పాటే తప్పని ఒక వ్యాసం మొదలుపెట్టాను. రెండు పేజీలు రాశాక అది నా అవమానం గురించే తప్ప ఆవిడ ముత్తాత గురించి లేదని గమనించి ఆపేశాను.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది. ఆ శాసనసభ్యుడిది కూడా ఇలాంటిదేనేమో. ఏదో అడ్డం వచ్చి, చెప్పాలనుకున్నది చెప్పలేక, లోకం లెక్కలో అటువైపు పడిపోయాడేమో. ఒక పూటంతా ఆ ఆలోచన నాకు ఊరటగా ఉంది. మర్నాడు చీదర వేసింది. ఆయన మాట ఎవరూ కోయలేదు. పేరు పిలిస్తే అవునన్నాడు. ఇష్టమైన మనిషిని కాపాడుకోవడానికి నేను ఎంత దూరం వెళ్తానో చూసి నామీద నాకే అనుమానం వచ్చింది.

పది పన్నెండు రోజులు ఆవిడ కంచె దగ్గరికి రాలేదు. చివరికి నేనే వెళ్లాను. వరండాలో కూర్చుని బీన్స్ తుంచుతోంది. పక్క కుర్చీ చూపించింది.

"మొన్న పూర్తి కాలేదు" అన్నాను. "మా దగ్గర ముందు ఎదుటివాళ్ల వాదన చెప్పడం..."

"తెలుసు. మీ ఆయన వచ్చి చెప్పాడు."

ఆయన వెళ్లినట్టు నాకు తెలియదు.

"అయితే" అంది ఆవిడ. బోర్డు ముందు నేను అన్న ఇంగ్లీషు మాటనే, నేను అన్నట్టే అంది. "తర్వాత ఏం చెప్పబోయావు? చెప్పు. ఇక్కడ గంట లేదు."

చెప్పాను. పేరు పెట్టడమంటే ఒక జీవితానికి తీర్పు చెప్పడం కాదు, రోజూ పిల్లల చేత నమస్కారం చేయించడం అన్నాను. కారణం చెప్పకుండా ఓటు మార్చుకోవడాన్ని పశ్చాత్తాపంగా లెక్కించలేం అన్నాను. ఉచిత బడి అందరికీ అని పోరాడినవాడికి 'అందరూ' అంటే ఎవరో ఆ మొదటి ఓటు చెబుతోందన్నాను. ఆవిడ ముత్తాత మాట కూడా చెప్పాను. చెబుతుంటే నాకే వినిపించింది. అన్నీ సరైన మాటలే. ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. కెఫెటీరియాలో నా గొంతులో ఉన్నదేదో ఇక్కడ లేదు.

ఆవిడ చివరిదాకా విని, బీన్స్ గిన్నె కింద పెట్టింది.

"మొదటిదే బాగుంది."

"ఎదుటివాళ్ల వాదన అంత బాగా చెప్పాలంటే కాస్త నమ్మాలి కదా? నువ్వు ఆయన్ని ఇష్టపడ్డావు."

"ఇష్టపడ్డాను. బడి కోసం చేసిన పోరాటం చదివినప్పుడు. ఇష్టం వాదన కాదు."

"కాదని నువ్వంటావు. బోర్డులో ఆ మనిషి నీ వాదనకు ఓటేసిందా, నీ ఇష్టానికి ఓటేసిందా?"

ఆమె దేనికి ఓటేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పేరు దిగాలని నమ్ముతున్నానా అని అడిగితే నమ్ముతున్నానని వెంటనే చెబుతాను. అలా వెంటనే చెప్పగలిగిన ఏ మాటనైనా తెనాలిలో మేం అనుమానించేవాళ్లం. తన ముత్తాతను నిలవనివ్వని చట్టం గురించి ఆవిడ అడుగుతున్నప్పుడు ఈ అనుమానం మర్యాదా, మొండితనమా? అదీ తెలియడం లేదు.

"బోర్డు ఎన్నికలు వస్తున్నాయి" అంది ఆవిడ. "కొత్తవాళ్లు వస్తారు. మళ్లీ అడుగుతాను. ఈసారి నేనే మాట్లాడతాను. కోపం వస్తే రానీ."

"నన్ను కూడా రమ్మంటారా?"

వీధిలో స్కూల్ బస్సు ఆగి, పిల్లలను దింపి, కదిలింది. ఆవిడ దాన్ని మలుపు తిరిగేదాకా చూసింది.

"రా" అంది. "నా పక్కన కూర్చో. లేవకు."

వాదన జరిగే చోట లేవకుండా కూర్చున్న రోజు నా జీవితంలో లేదు. ఇది శిక్షో, నమ్మకమో అడగాలనుకున్నాను. ఆవిడ అప్పటికే గిన్నె ఒళ్లోకి తీసుకుంది. సరేనన్నాను.